బోర్లు వేస్తే ఊరు పైకి లేచింది: స్టౌఫెన్ వెనక కథ

మన దగ్గర బోరు వేస్తే నీళ్లు పడతాయా లేదా అన్నదే టెన్షన్, జర్మనీలో స్టౌఫెన్ వాళ్లకి మాత్రం బోర్ల వల్ల ఊరే పైకి లేచింది. ఫ్రైబుర్గ్‌కి దక్షిణంగా సుమారు 20 కిలోమీటర్ల దూరం, జనాభా 8 వేలు అటూ ఇటూ, ఒకపక్క బ్లాక్ ఫారెస్ట్ కొండలు, ఇంకోపక్క రైన్ మైదానం, ఊరి పైన ద్రాక్షతోటల గుట్ట మీద పాడుబడ్డ కోట. చూడ్డానికి భలే ఉంటుంది కానీ కొండా మైదానం కలిసే ఆ అంచులో కింద భూమి పొరలు విరిగి జారి అటూ ఇటూ అయి ఉన్నాయి, అసలు తిరకాసంతా అక్కడే ఉంది.

ఈ ఊరికి నేలని తవ్వడం కొత్తేం కాదు. పక్కన మున్‌స్టర్‌టాల్ లోయలో మధ్యయుగాల్లో వెండి గనులుండేవి, స్టౌఫెన్ ప్రభువులు బాగుపడింది వాటితోనే. 1602లో ఆ వంశం ఆగిపోయింది, తర్వాత ఊరు ఆస్ట్రియా చేతికి, నెపోలియన్ కాలంలో బాడెన్ అనే జర్మన్ రాజ్యం చేతికి వెళ్లింది, 1848లో రాచరికం వద్దని లేచిన స్ట్రూవే అనే నాయకుడి తిరుగుబాటుదార్లు ఇక్కడే ఓడిపోయారు. జర్మన్ కథల్లో పేరున్న మంత్రగాడు ఫౌస్ట్‌ని 1539లో ఇక్కడి సత్రంలోనే దెయ్యం మెడ విరిచి చంపిందని సత్రం గోడ మీద రాసి మరీ పెట్టుకున్నారు, నమ్మేవాళ్లు నమ్మొచ్చు.

ఇక 2007 సెప్టెంబర్‌లో పాత టౌన్ హాల్‌కి భూమి వేడితో హీటింగ్ పెడదామని దాని వెనకాల 7 బోర్లు వేశారు, లోతు 140 మీటర్ల దాకా. ఉద్దేశం మంచిదే. కానీ కింద ప్రెషర్ మీదున్న నీళ్లు, పైపుల చుట్టూ సీలింగ్ సరిగ్గా లేక పైకెక్కి అన్‌హైడ్రైట్ అనే రాతి పొరలోకి దూరాయి, ఆ రాయి నీళ్లు తాగితే జిప్సం అయిపోతుంది, నానబెట్టిన శనగల్లా ఉబ్బుతుంది, ఏకంగా 60 శాతం దాకా. కొన్ని నెలలకే గోడలు బీటలివ్వడం మొదలు, ఒక దశలో నేల నెలకి సెంటీమీటర్ చొప్పున లేచింది, మొత్తమ్మీద కొన్నిచోట్ల అర మీటర్ పైనే. 270 దాకా ఇళ్లు దెబ్బతిన్నాయి, కొన్నిటిని కూల్చేయాల్సొచ్చింది. లేచేదంతా ఒకే ఎత్తున లేచినా సరిపోయేదేమో, ఒక మూల ఎక్కువ ఒక మూల తక్కువ లేస్తే పాత గోడలు ఎక్కడ తట్టుకుంటాయి చెప్పండి.

"స్టౌఫెన్ ముక్కలవకూడదు" అని టౌన్ హాల్‌కే బ్యానర్ కట్టారు. తర్వాత బోర్లని మళ్లీ సీల్ చేసి, 2009 నుంచి కింది నీళ్లని పంపులతో తోడుతున్నారు, దాంతో ఉబ్బడం బాగా తగ్గింది. కాకపోతే పంపులు ఆపేస్తే నీళ్లు మళ్లీ ఆ పొరలోకే ఎక్కుతాయి.