బిగిసిన ధమనిని వదులు చేసేది నొప్పి నాడే: సీజీఆర్‌పీ పూర్వాపరాలు

సీజీఆర్‌పీ (కాల్సిటోనిన్ జీన్-రిలేటెడ్ పెప్టైడ్) నాడి కొసలు వదిలే ఒక చిన్న అణువు. దాని పనిని అడ్డుకుని మైగ్రేన్ రాకుండా ముందే ఆపే యాంటీబాడీ మందులకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. అప్పటి నుంచీ నాడీ వైద్యుల్లో ఒక సందేహం నలుగుతూనే ఉంది. మెదడు ధమనులు బిగుసుకున్నప్పుడు వాటిని మళ్లీ వదులు చేసే అణువు కూడా సీజీఆర్‌పీయే. దాన్ని నెలల తరబడి కట్టడి చేస్తే, పక్షవాతం ముప్పున్నవాళ్ల మాటేమిటి?

దీని మూలాలు చాలా పాతవి. జ్ఞాన నాడి శరీరం నుంచి వెన్నుపాముకు కబురు మోయడమే తప్ప మరే పనీ చేయదని ఒకప్పుడు అనుకునేవారు. 1901లో బ్రిటిష్ శాస్త్రవేత్త విలియం బేలిస్ వెన్నుపాము పృష్ఠ మూలాలను (జ్ఞాన నాడులు వెన్నుపాములోకి చేరే వెనుక వైపు వేళ్లను) విద్యుత్తుతో ప్రేరేపిస్తే జంతువు వెనుక కాలి రక్తనాళాలు విప్పారాయి. నొప్పిని మోసే నాడే ఎదురు దిశలో రక్తనాళానికి ఆదేశం పంపుతోందన్నమాట.

మెదడు దగ్గరికి ఈ ఆలోచన రావడానికి చాలా కాలం పట్టింది. 1940లో బ్రాన్సన్ రే, హెరాల్డ్ వుల్ఫ్ అనే వైద్యులు మెలకువగా ఉన్న రోగులకు శస్త్రచికిత్స జరుగుతుండగా తల లోపలి భాగాలను ఒక్కొక్కటిగా ప్రేరేపించి చూశారు. మెదడు కణజాలాన్ని ముట్టుకుంటే నొప్పి లేదు. మెదడును కప్పి ఉంచే డ్యూరా పొరనూ, మెదడు అడుగున ఉన్న పెద్ద ధమనులనూ కదిలిస్తే నొప్పి పుట్టింది. ఆ ధమనులకు నాడి ఎక్కడిది? 1981లో మైకేల్ మాస్కోవిట్జ్ బృందం పిల్లుల మధ్య మస్తిష్క ధమని మీద హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమును ఉంచింది. నాడి కొసలు దాన్ని పీల్చుకుని వెనక్కి మోసుకెళ్లాయి. చివరకు ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి గాంగ్లియాన్ (నాడీకణాల ముడి) కణాల్లో అది దొరికింది.

మరుసటి ఏడాదే సీజీఆర్‌పీ బయటపడింది. 37 అమైనో ఆమ్లాల పెప్టైడ్ అది. 1985లో చర్మంలోకి ఫెమ్టోమోల్ పరిమాణంలో, అంటే అత్యంత సూక్ష్మ మోతాదులో ఎక్కిస్తేనే రక్తప్రవాహం పెరిగింది.

నా దృష్టిలో అసలు మలుపు 1986 నాటి ప్రయోగం. మెక్‌కలక్, ఎడ్విన్సన్ తదితర పరిశోధకులు పిల్లుల్లో ట్రైజెమినల్ నాడిని తెంచి చూశారు. విశ్రాంతిలో ధమని వ్యాసం మారలేదు. రక్తనాళాలను బిగించే నార్‌అడ్రినలిన్‌కు అది ముడుచుకున్న తీరూ మారలేదు. కానీ ముడుచుకున్న ధమని మామూలు స్థితికి రావడానికి ఎక్కువ సమయం పట్టింది. రోజువారీ ప్రవాహం ఈ నాడి చేతిలో లేదు. ధమని అతిగా బిగిసినప్పుడే దీనికి పని. నాడి కొసలు ధమని బయటి పొరలో సీజీఆర్‌పీని వదులుతాయి. ధమని గోడ కండర కణాల్లో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగి కండరం సడలుతుంది. మెదడుకు 100 గ్రాములకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందాలి. అది 20 కిందికి జారితే నాడీకణాల విద్యుత్ చర్య దెబ్బతింటుంది. ఈ రక్షణ విలువ అక్కడే తెలుస్తుంది.

అన్యూరిజం (ధమని గోడలో ఉబ్బు) పగిలి మెదడు పొరల మధ్య రక్తం చేరిన రోగుల్లో సాధారణంగా 4 నుంచి 14వ రోజు మధ్య ధమనులు బిగుసుకుపోతాయి. అలా మరణించినవాళ్ల ధమనుల చుట్టూ నాడుల్లో సీజీఆర్‌పీ తగ్గిపోయి కనిపించింది. సరే, బయటి నుంచి ఇద్దామని సిరలోకి ఎక్కించి చూశారు. 1992లో వెలువడిన ఐరోపా ట్రయల్‌లో ఆశించిన మేలు కలగలేదు. ఒళ్లంతా రక్తనాళాలు విప్పారి రక్తపోటు పడిపోవడం పెద్ద అడ్డంకి అయింది. నాడి అవసరమైన చోట మాత్రమే చుక్క వదిలే పనిని సెలైన్ సీసా చేయలేదు.

మైగ్రేన్ వైపు కథ వేరుగా నడిచింది. 1990లో గోడ్స్‌బీ, ఎడ్విన్సన్ నొప్పి సమయంలో మెడ సిర రక్తంలో సీజీఆర్‌పీ పెరిగిందని చూపారు. అదే ఏడాది ఓలెసన్ బృందం, ఆరా (నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపుల్లాంటి లక్షణాలు) తర్వాత మెదడు రక్తప్రవాహం ఇంకా తక్కువగా ఉండగానే తలనొప్పి మొదలవుతోందని గమనించింది. రక్తనాళం ఉబ్బడమే నొప్పికి కారణమన్న పాత వాదం అక్కడ బలహీనపడింది. 2004లో సీజీఆర్‌పీ గ్రాహకాన్ని అడ్డుకునే ఓల్సెజెపాంట్ అనే మందు రక్తనాళాలను బిగించకుండానే నొప్పి తగ్గించింది.

2020లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలో జెపాంట్ మందులు (ఓల్సెజెపాంట్ తరహావి) ఇచ్చాక ధమని మూసుకుపోతే మెదడులో దెబ్బతిన్న భాగం పెద్దదైంది. మనుషుల్లోనూ అంతేనని దీన్నిబట్టి చెప్పలేం. అయితే కీలక ట్రయల్స్‌లో ఇటీవల గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లను చేర్చుకోలేదు కాబట్టి ఆ భద్రతా ఫలితాలను వాళ్లకు అన్వయించకూడదు. మందును బట్టి గడువూ మారుతుంది. జెపాంట్ మాత్ర రైమెజెపాంట్ అర్ధాయువు (ఒంట్లో మందు సగానికి తగ్గే సమయం) సుమారు 11 గంటలు, యాంటీబాడీ ఇంజెక్షన్ ఎరెనుమాబ్‌ది దాదాపు 28 రోజులు. ఇంజెక్షన్ వేశాక పక్షవాతం వస్తే ఆ నిరోధాన్ని అప్పటికప్పుడు తీసేయడం కుదరదు.