ఆహ్వానం లేనిదే ఎంట్రీ లేదు: 1950 ఫారెస్ట్ హిల్స్ వెనక కథ

2025లో అమెరికా టంకశాల పావు డాలరు నాణెంపై ఆల్తియా గిబ్సన్ బొమ్మ వేసింది. వింబుల్డన్ గెలిచిన తొలి నల్లజాతి క్రీడాకారిణిగా ఆమె పేరు చాలామంది వినే ఉంటారు. కానీ ఆ కథ తెలియాలంటే ఆమె ఓడిపోయిన ఒక మ్యాచ్ దగ్గరికి వెళ్లాలి.

1950లో న్యూయార్క్‌లోని ఫారెస్ట్ హిల్స్‌లో జరిగిన అమెరికా జాతీయ టెన్నిస్ పోటీల్లో (ఇప్పటి యూఎస్ ఓపెన్) మహిళల సింగిల్స్ గెలిచింది మార్గరెట్ ఆస్బోర్న్ డుపాంట్. ఫైనల్లో డోరిస్ హార్ట్‌ను ఓడించి వరసగా మూడో ఏడాది టైటిల్ నిలబెట్టుకుంది. అది చిన్న విజయమేమీ కాదు. అయినా ఆ ఏడాది గురించి నేటికీ చెప్పుకునేది గిబ్సన్ ఓడిన రెండో రౌండ్ గురించే.

అప్పటిదాకా ఆ పోటీల్లో నల్లవాళ్లు ఎందుకు లేరు? 1929లో ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు జూనియర్ ఇండోర్ టోర్నీకి పేరిస్తే అమెరికా టెన్నిస్ సంఘం తిప్పి పంపింది. పౌరహక్కుల సంస్థ నిలదీస్తే, వాళ్ల ఎంట్రీలు తీసుకోకపోవడం తమ విధానమేనని ఒప్పుకుంది. ఆ తర్వాత ఆ మాట పైకి అనాల్సిన పనే లేకపోయింది. ఫారెస్ట్ హిల్స్‌లో ఆడాలంటే ముందు గ్రాస్ కోర్టు టోర్నీల్లో సత్తా చూపాలి. ఆ టోర్నీలు జరిగేది ప్రైవేటు క్లబ్బుల్లో. క్లబ్బు పిలవందే అందులో అడుగు పెట్టలేరు. తలుపు మూసింది ఎవరని అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకోవచ్చు. నన్ను బాధపెట్టేది ఈ పద్ధతే.

న్యూయార్క్‌లోని హార్లెమ్ వీధుల్లో ప్యాడిల్ టెన్నిస్ (చిన్న కోర్టులో చెక్క బ్యాటుతో ఆడే టెన్నిస్) ఆడుతూ పెరిగిన గిబ్సన్, నల్లజాతి ఆటగాళ్లు 1916లో పెట్టుకున్న సొంత సంఘం పోటీల్లో 1947 నుంచి ఏటా ఛాంపియనే. అదేదీ లెక్కలోకి రాలేదు.

లెక్కలోకి తెచ్చింది ఆలిస్ మార్బుల్. నాలుగుసార్లు జాతీయ ఛాంపియన్ అయిన తెల్లజాతి క్రీడాకారిణి. 1950 జులైలో 'అమెరికన్ లాన్ టెన్నిస్' పత్రికలో ఆమె ఘాటుగా రాసింది: పెద్దమనుషుల ఆట అని చెప్పుకుంటున్నాం కదా, ముందు పెద్దమనుషుల్లా ప్రవర్తిద్దాం, ఈ కపటం చాలిద్దాం అన్నది దాని సారాంశం. ఆ తర్వాత కూడా న్యూజెర్సీలో ఒక టోర్నీ గిబ్సన్‌ను కాదంది. అదే రాష్ట్రంలోని ఆరెంజ్ లాన్ టెన్నిస్ క్లబ్ మాత్రం రానిచ్చింది. ఆగస్టులో ఫారెస్ట్ హిల్స్ తలుపు తెరుచుకుంది.

తొలి మ్యాచ్ ఓ పక్క కోర్టులో పెట్టారు. బార్బరా నాప్‌పై 6-2, 6-2తో గెలిచింది. రెండో రౌండ్లో ఎదురైంది ఆ ఏడాది వింబుల్డన్ విజేత లూయిస్ బ్రౌ. మొదటి సెట్ 1-6తో పోయింది. రెండోది 6-3తో గిబ్సన్‌ది. అప్పట్లో టైబ్రేక్ (6-6 దగ్గర సెట్‌ను తేల్చే గేమ్) లేదు, రెండు గేముల తేడా వచ్చేదాకా ఆడాల్సిందే. మూడో సెట్లో గిబ్సన్ 7-6తో ముందుంది. ఇంకొక్క గేమ్ చాలు. సరిగ్గా అప్పుడే ఉరుములతో వాన విరుచుకుపడింది. పిడుగు దెబ్బకు స్టేడియం పైనున్న రాతి గద్ద కూలింది. ఆట మర్నాటికి వాయిదా.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టిందో లేదో! మర్నాడు వరసగా మూడు గేములు బ్రౌ గెలిచింది. 9-7. పదకొండు నిమిషాల్లో అంతా అయిపోయింది.

ఆ తర్వాతి ఏళ్లు సాఫీగా సాగలేదు. ఆట మందగించింది. పెద్ద టోర్నీల్లో ప్రైజ్ మనీ లేని రోజులవి. టెన్నిస్ మానేసి ఉద్యోగం చూసుకుందామని కూడా అనుకుంది. 1956లో ఫ్రెంచ్ టైటిల్ వచ్చింది, 1957 జులైలో వింబుల్డన్. అదే ఏడాది ఫారెస్ట్ హిల్స్ ఫైనల్లో నెట్‌కు అవతల నిలబడింది మళ్లీ లూయిస్ బ్రౌయే. ఈసారి వాన రాలేదు. గిబ్సన్ 6-3, 6-2తో గెలిచింది.