పెద్ద సైన్యమున్నా ఎందుకు ఓడిపోయావంటే…

ఒరే అల్లుడూ, అమ్మలూ,

దసరా సెలవులకు వచ్చినప్పుడు, నా కంప్యూటర్లో వార్‌క్రాఫ్ట్ అనే యుద్ధం ఆట ఆడాక మీరిద్దరూ నన్ను చెరో ప్రశ్న అడిగారు. బస్సుకి టైమైపోతోందని ఏదో సగం సగం చెప్పి పంపించేశాను. ఆ ప్రశ్నలు మాత్రం నన్ను వదల్లేదు. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

అల్లుడు అడిగింది: "సైన్యం నాదే పెద్దది కదా మావయ్యా, మరి ఎలా ఓడిపోయాను? ఇది అన్యాయం ఆట." అమ్మలు అడిగింది ఇంకా కష్టమైనది: "ఇది నిజంగా మంచి ఆటేనా, లేకపోతే కాలేజీ రోజుల్లో ఆడావు కాబట్టి నీకు ఇష్టమా?"

ముందు అల్లుడి సంగతి చూద్దాం. మీరు ఆడిన వార్‌క్రాఫ్ట్ 3 అనే ఆట 2002 జులైలో వచ్చింది. చేసింది అమెరికాలోని బ్లిజార్డ్ కంపెనీ. సరిగ్గా ఏడాదికి, 2003 జులైలో, 'ఫ్రోజెన్ థ్రోన్' అనే అదనపు భాగం వచ్చింది. నేనిక్కడ చెప్పే లెక్కలన్నీ ఆ రెండోదానివే. చదరంగంలో నువ్వు ఎత్తు వేసేదాకా అవతలివాడు ఆగుతాడు. ఇందులో ఎవరూ ఎవరి కోసమూ ఆగరు. నువ్వు ఇల్లు కడుతుంటే వాడు సైన్యాన్ని పెంచుతుంటాడు, నువ్వు ఆలోచిస్తుంటే వాడు నీ గుమ్మంలోకి వచ్చేస్తాడు.

నువ్వు ఆడిన ఆటను కంప్యూటర్ రీప్లేగా, అంటే మళ్లీ చూసుకునేలా, దాచిపెట్టింది. మీరు వెళ్లాక రెండుసార్లు చూశాను. 14వ నిమిషం దగ్గర ఆపి, పైన కుడివైపు మూల చూశాను. నీ జనాభా 62 ఉంది. అవతల ఆర్క్‌లనే జాతివాళ్ల జనాభా 50 దాటలేదు. నువ్వన్నది నిజమే, సైన్యం నీదే పెద్దది. ఆ 62 పక్కనే పసుపు రంగులో 'లో అప్‌కీప్' (తక్కువ పోషణ ఖర్చు) అని ఉంది చూశావా? నువ్వు చూసి ఉండవు. మొదటిసారి ఆడేవాళ్లెవరూ దాన్ని పట్టించుకోరు.

జనాభా 50 లోపు ఉన్నంతకాలం నీ పనివాడు గనిలోంచి మోసుకొచ్చే ఒక్కో మూటకు 10 బంగారం నీ ఖాతాలో పడుతుంది. 51 అయిందంటే అదే మూటకు 7 మాత్రమే. 80 దాటితే 4. అంటే పెద్ద సైన్యాన్ని ఊరికే నిలబెట్టుకుంటే దాని తిండీ జీతమూ నీ రాబడిలోంచే పోతాయి. జనాభా 12 ఎక్కువుందని నువ్వు సంబరపడుతున్న ఆ మూడు నాలుగు నిమిషాలూ అవతలివాడికి ప్రతి మూటకీ 3 బంగారం ఎక్కువ వస్తోంది. పెద్ద సైన్యం కడితే వెంటనే యుద్ధానికి తీసుకెళ్లాలి. నువ్వేమో దాన్ని ఇంటి ముందు కాపలా పెట్టి మళ్లీ కాపలా బురుజులు కట్టావు.

ఇది సగం కారణం. మిగతా సగం ఆ గుర్రం మీద ముసలాయన.

ఆయనే నీ హీరో, అంటే సైన్యాన్ని నడిపే నాయకుడు, ఆర్చ్‌మేజ్ అనే మంత్రగాడు. నాలుగో లెవెల్లో ఉన్నాడు. ఐదుకు చేరాలని నువ్వు తొందరపడి, నలుగురు సిపాయిల్ని మాత్రం వెంటబెట్టి అడవిలోని రాక్షసుల గుంపు మీదికి పంపావు. సైన్యమంతా ఇంటి దగ్గరే ఉంది. రీప్లేలో స్పష్టంగా కనిపిస్తోంది: రాక్షసుల్లో చివరివాడు పడిపోబోతుండగా, శత్రువు హీరో బ్లేడ్‌మాస్టర్ మాయమైపోయి నీ వెనక్కి వచ్చాడు. గుర్రం పారిపోవడానికి దారి లేదు, ఒకపక్క చెట్లు, మరోపక్క నీ సిపాయిలే అడ్డం. 7 సెకన్లలో అయిపోయింది. ఆ చావుతో బ్లేడ్‌మాస్టర్‌కి ఒక లెవెల్ పెరిగింది. నీ హీరోని మళ్లీ బతికించుకోవడానికి నీ బంగారం ఖర్చయింది. అసలే మూటకు 7 చొప్పున వస్తున్న బంగారం.

ఈ ఆటకున్న బలమూ బలహీనతా రెండూ ఈ హీరో దగ్గరే ఉన్నాయిరా. ఇదే కంపెనీ 1998లో చేసిన స్టార్‌క్రాఫ్ట్‌లో జనాభా 200 దాకా పోతుంది, పోటీ ఆటల్లో హీరోలుండరు. అక్కడ పది మంది పోతే ఇంకో పది మందిని దించుతారు. వార్‌క్రాఫ్ట్‌లో జనాభా 100కే పరిమితం. హీరోలు ముగ్గురికి మించకూడదు. ఒక్కో హీరో పదో లెవెల్ దాకా ఎదుగుతాడు, ఆరో లెవెల్లో వాడి అసలు విద్య బయటికొస్తుంది, ఆరు వస్తువులు మోయగలడు. సైన్యం చిన్నది కావడంతో ఒక్కో సిపాయి ప్రాణానికీ విలువ వచ్చింది. దెబ్బ తిన్నవాణ్ని చావకముందే వెనక్కి లాగి, వాడి చోట ఇంకొకణ్ని నిలబెట్టాలి. ఆటగాళ్లు దీన్నే మైక్రో అంటారు. నాలుగైదుగురు సిపాయిలు శత్రు హీరో చుట్టూ వలయం కట్టి కదలకుండా చేసే పట్టు ఒకటుంది. అది చేయి తిరిగినవాళ్లు ఆడుతుంటే చూడాలి. దక్షిణ కొరియా నుంచి మూన్ అనే పేరుతో ఆడే జాంగ్ జే హో, నెదర్లాండ్స్ నుంచి గ్రబ్బీ, చైనా నుంచి స్కై, వీళ్ల ఆటలు వెతికి చూడండి. స్కై 2005లోనూ 2006లోనూ వరల్డ్ సైబర్ గేమ్స్ అనే ప్రపంచ పోటీ గెలిచాడు. 2008లో ఒలింపిక్ జ్యోతి పట్టుకుని పరిగెత్తినవాళ్లలో అతనూ ఉన్నాడు. చైనాలో ఒక కంప్యూటర్ ఆటగాడికి ఆ గౌరవం దక్కిందని తెలిసిన రోజు నాకు మా హాస్టల్ వార్డెన్ గుర్తొచ్చారు. ఆయన మా గదికొచ్చి కేబుల్ పీకేసేవారు.

అయితే హీరోకి ఇంత బలం ఇచ్చేసరికి ఇంకో చిక్కు వచ్చిపడింది. ఒకసారి హీరో చనిపోతే, అవతలివాడు పైకి ఎదుగుతాడు, నువ్వు కిందికి జారతావు, ఆ తేడా నిమిషనిమిషానికీ పెరుగుతుంది. తేరుకోవడం చాలా కష్టం. కాబట్టి నువ్వు అన్యాయం అన్నది పూర్తిగా తప్పు కాదు. దానికి తోడు అదృష్టం పాలు కూడా ఉంది. బ్లేడ్‌మాస్టర్ కొట్టే దెబ్బల్లో నూటికి పదిహేను పాళ్లు రెండింతలో మూడింతలో నాలుగింతలో పడతాయి. అవి ఎప్పుడు పడతాయో వాడికీ తెలీదు. పల్లంలోంచి మెరక మీదికి బాణం వేస్తే కొన్ని గురి తప్పుతాయి. రాక్షసుల్ని చంపినప్పుడు దొరికే వస్తువు ఒకసారి బ్రహ్మాండంగా ఉంటుంది, ఒకసారి ఎందుకూ పనికిరాదు. చేయి తిరిగినవాళ్ల మధ్య పోటీలో కూడా ఆ ఒక్క వస్తువు ఆటను తిప్పేయడం నేను చూశాను. అది నాకు ఇప్పటికీ నచ్చదు.

ఇంకో లోపం నువ్వే కనిపెట్టావు, పేరు తెలీలేదంతే. "అందర్నీ ఒకేసారి పట్టుకోనివ్వట్లేదు" అని విసుక్కున్నావు కదా? ఒక గుంపులో 12 మందికి మించి ఎంచుకోలేం. ఇరుకు దారుల్లో ముందువాళ్లు ఆగితే వెనకవాళ్లు చెట్ల చుట్టూ తిరిగి ఎటో పోతారు. ఇప్పుడొచ్చే ఆటల్లో ఇలాంటి ఇబ్బంది లేదు. పాత ఆట మీద ప్రేమ ఉంది కదా అని నేను దీన్ని వెనకేసుకురాను.

ఇక అమ్మలు ప్రశ్న.

అమ్మలూ, నువ్వు నైట్ ఎల్ఫ్‌లనే అడవి జాతి వైపు ఆడుతూ ఒక మాటన్నావు: "మావయ్యా, వీళ్లు కర్ర తీసుకుంటున్నారు కానీ చెట్టు పడిపోవట్లేదు!" ఆ మాటకి నాకెంత సంతోషమైందో అప్పుడు చెప్పలేదు. ఆటలో నాలుగు జాతులున్నాయి, మనుషులు, ఆర్క్‌లు, అన్‌డెడ్ (నడిచే శవాలు), నైట్ ఎల్ఫ్‌లు. మనుషుల పనివాళ్లు గొడ్డలితో చెట్టు నరుకుతారు, కాసేపటికి అక్కడ దారి తెరుచుకుంటుంది. నైట్ ఎల్ఫ్‌ల దగ్గర ఉండే మిణుగురులాంటి విస్ప్‌లు చెట్టు చుట్టూ తిరుగుతూ కర్ర తెస్తాయి, చెట్టు అలాగే ఉంటుంది. వాళ్ల కట్టడాల్లో కొన్ని బతికున్న మహావృక్షాలే, వేళ్లు పీక్కుని లేచి నడుస్తాయి కూడా. మనుషుల మీదికి దాడి వస్తే గంట కొట్టగానే పనివాళ్లు పలుగూ పారా పక్కనపెట్టి ఆయుధాలు పడతారు. ఆర్క్‌ల పనివాళ్లు గూడెంలో దూరి ఈటెలు విసురుతారు. ఆ జాతులు ఎలా బతుకుతాయో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, ఆడుతుంటే అర్థమవుతుంది. ఆటలో ఒక పగలూ ఒక రాత్రీ కలిపి 8 నిమిషాలు. రాత్రయితే అడవిలోని రాక్షసులు నిద్రపోతారు, చాలామందికి చూపు తగ్గుతుంది, నైట్ ఎల్ఫ్‌ల ఆడ సిపాయిలు మాత్రం కదలకుండా నిలబడితే చీకట్లో కలిసిపోతారు. ఇంత శ్రద్ధగా అల్లిన లోకం నేను ఆడిన ఈ రకం ఆటల్లో మరొకటి లేదు.

నేను దీన్ని మంచి ఆట అనడానికి అసలు కారణం మాత్రం అందులోని కథ. మీరింకా అక్కడిదాకా రాలేదు. కొంచెం ముందే చెప్పేస్తున్నాను, ఏమనుకోకండి. లార్డెరాన్ రాజ్యానికి యువరాజు ఆర్థస్. మంచివాడు, ప్రజలంటే ప్రాణం. స్ట్రాథోమ్ అనే నగరానికి వచ్చేసరికి, అక్కడి జనం చెడిపోయిన ధాన్యం తినేశారని, కాసేపట్లో అందరూ నడిచే శవాలైపోతారని తెలుస్తుంది. ఊరందర్నీ ముందే చంపేయాలంటాడు. గురువు ఊథర్ ఒప్పుకోడు. చిన్ననాటి నేస్తం జైనా అతన్ని వదిలి వెళ్లిపోతుంది. ఆ తర్వాత మౌస్ నీ చేతిలోనే ఉంటుంది అమ్మలూ. ఒక్కో ఇల్లూ నువ్వే కూల్చాలి. శత్రువు వందమందిని తన వైపు తిప్పుకునే లోపు నువ్వు వందమందిని చంపాలి, పైన రెండు లెక్కలూ పక్కపక్కనే పెరుగుతుంటాయి. ఇళ్లలోంచి బయటికొచ్చినవాళ్లు మొదట మామూలు మనుషుల్లాగే ఉంటారు. మా హాస్టల్లో మొదటిసారి అది ఆడినప్పుడు నేను మధ్యలో ఆపేసి బయటికొచ్చి కూర్చున్నాను. గెలిచాక కూడా గెలిచినట్టు అనిపించలేదు. ఆ తర్వాత ఆర్థస్ ఉత్తరాదికి పోయి, సైనికులు ఇంటికి తిరిగి వెళ్లిపోకుండా సొంత ఓడల్ని తగలబెట్టిస్తాడు, నేరం వేరేవాళ్ల మీదికి నెడతాడు. శపించిన కత్తి చేతబట్టి ఇంటికొస్తే, జనం అతని మీద పూలరెక్కలు చల్లుతారు. అతను సింహాసనం దాకా నడిచి వెళ్లి తండ్రిని పొడిచేస్తాడు.

ఇందులోనే ఆట తప్పు కూడా ఉంది. స్ట్రాథోమ్‌లో నువ్వు "నేను చెయ్యను" అనడానికి వీల్లేదు. గురువు అన్నాడు, జైనా అంది, ఆడేవాడికి ఆ అవకాశం ఇవ్వలేదు. ఒక్క చిన్న దారి వదిలి ఉంటే ఎంత గొప్పగా ఉండేదో అని ఇరవై ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. అలాగే కథ ఆడినంత మాత్రాన ఎదుటి మనిషితో ఆడటం రాదు. కథలో శత్రువు నీకోసం కాచుకుని కూర్చుంటాడు. నిజం పోటీలో మొదటి రెండు నిమిషాల్లోనే వచ్చి నీ పనివాళ్లని వేధిస్తాడు. ఈ రెండింటి మధ్య మెట్లు కట్టకుండా వదిలేశారు.

ఆటతోపాటే వరల్డ్ ఎడిటర్ అని ఒక పనిముట్టు ఇచ్చారు, ఎవరి మ్యాప్ వాళ్లే తయారుచేసుకోవచ్చు. నేను మన ఊరి చెరువు చేశాను. గట్టు, తూము, పడమటివైపు తాటిచెట్ల బదులు వాళ్లిచ్చిన దేవదారు చెట్లు, అన్నీ పెట్టాను. పది ఆటలాడాక నా రూమ్మేట్ అన్నాడు, తూము వైపు ఉన్నవాడే ఎప్పుడూ గెలుస్తున్నాడని. కొలిచి చూస్తే అటువైపు గని నాలుగడుగులు దగ్గరగా ఉంది! నాలుగు జాతుల్ని ఏళ్ల తరబడి సరితూచడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది. ఇదే ఎడిటర్‌తో యూల్ అనే మారుపేరున్న కుర్రాడు డోటా అనే మ్యాప్ మొదలుపెట్టాడు. సైన్యం లేదు, ఒక్కొక్కరికీ ఒక్క హీరోయే. తర్వాత వేరేవాళ్లు దాన్ని పెంచుకుంటూ పోయారు. మన హైదరాబాద్ నెట్ సెంటర్లలోనూ ఇంజినీరింగ్ హాస్టళ్లలోనూ కుర్రాళ్లు తెల్లవార్లూ ఆడింది ఎక్కువగా ఆ డోటానే, అసలు ఆట కాదు. అదే 2013లో డోటా 2గా విడిగా బయటికొచ్చింది. అల్లుడూ, నువ్వు ఫోన్లో ఐదుగురు ఐదుగురుగా ఆడే ఆటకి తాత అదేరా.

2020 జనవరిలో 'రీఫోర్జ్‌డ్' అని కొత్త బొమ్మలతో మళ్లీ విడుదల చేశారు. చూపించినంత పని పూర్తి చేయకుండా వదిలారు, పోటీ ర్యాంకుల్లాంటి పాత సౌకర్యాలు కొన్ని మొదట్లో లేనే లేవు. కొన్నవాళ్ల కోపం ఎంతదాకా వెళ్లిందంటే, అడిగినవాళ్లకి కంపెనీ డబ్బు తిరిగిచ్చింది. తర్వాత కొంత సరిచేశారు. మీరు ఆడేటప్పుడు పాత బొమ్మలే పెట్టుకోండి. యుద్ధం జరుగుతుంటే ఎవడు ఎవడో దూరం నుంచి తెలిసేది వాటితోనే.

అల్లుడూ, నీ రీప్లే పెన్‌డ్రైవ్‌లో వేసి మీ అమ్మకిచ్చి పంపిస్తున్నాను. 14వ నిమిషం దగ్గర ఆపి, ఆర్చ్‌మేజ్ నిలబడ్డ చోటికీ నీ సైన్యం నిలబడ్డ చోటికీ మధ్య దూరం చూడు. అమ్మలూ, నువ్వు స్ట్రాథోమ్ ఆడే రోజు నాకు ఫోన్ చెయ్యి, రాత్రి పదైనా పర్లేదు. సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ మౌస్ తెచ్చుకోండి, ఇక్కడున్నదాంట్లో కుడి బటన్ సరిగ్గా నొక్కుకోవట్లేదు.

మీ మావయ్య