మీ అటకలోని నురుగు గురించి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

డల్లాస్‌లో మీ ఇంట్లోకి వేడి, చలి రాకుండా అటకకు నురుగు కొట్టిస్తున్నామని నాన్న ఫోనులో చెప్పినప్పుడు, "అది భూమికి మంచిదేనా తాతయ్యా?" అని మీరు అడిగారు. ఆనాడు నీళ్లు నమిలాను. ఇప్పుడు తెలుసుకుని రాస్తున్నాను.

నాయనమ్మ చేసే దిబ్బరొట్టెను విరిస్తే లోపల చిల్లులు కనబడతాయి కదా, అవి పిండి పులిసినప్పుడు పుట్టిన గాలి కట్టుకున్న గదులు. ఈ నురుగూ అటువంటిదే. రెండు పీపాల్లోని ఐసోసైనేట్, పాలియోల్ అనే ద్రవాలు గొట్టం కొసన కలిసిన మరుక్షణమే పొంగి, గోడకు అంటుకుని, గట్టిపడతాయి. వేడిని అడ్డుకోవడంలో ప్రధాన పాత్ర ఆ గదుల్లో చిక్కిన వాయువుదే.

ఈ నురుగు మెత్తనిది, గట్టిది అని రెండు రకాలు. మెత్తని రకంలో నీరు ఐసోసైనేట్‌తో కలిసి, నురుగును పొంగించే కొద్దిపాటి కార్బన్ డయాక్సైడ్‌ను పుట్టిస్తుంది. చిక్కంతా గట్టి రకంతోనే, ఎందుకంటే దానిని పొంగించడానికి వేరే వాయువు కలుపుతారు. మొదట సీఎఫ్‌సీలు, అంటే క్లోరోఫ్లోరోకార్బన్లు అనే వాయువులు, వాడేవారు. అవి ఓజోన్ పొరను తినేస్తున్నాయని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో క్రమంగా మానిపించారు. వాటి వెనుక వచ్చిన హెచ్‌సీఎఫ్‌సీ-141బిని మన దేశం 2020 జనవరి 1 నాటికి వదిలేసింది. ఆ పైన వచ్చిన హెచ్‌ఎఫ్‌సీ-245ఎఫ్‌ఏ ఓజోన్‌ జోలికి పోదు గానీ, నూరేళ్ల లెక్కన దాని కిలో ఒకటి కార్బన్ డయాక్సైడ్ 850 నుంచి 1,030 కిలోలంత వేడిని పట్టి ఉంచుతుంది. అందులో కొంత కొడుతుండగానే ఎగిరిపోతుంది, కొంత ఏళ్ల తరబడి కారుతుంది, మిగిలింది ఇల్లు పడగొట్టిననాడు బయటపడుతుంది. కరెంటు ఆదా ఏటేటా కొంచెం కొంచెంగా చేతికొస్తుంది, ఈ అప్పులో కొంత మాత్రం మొదటిరోజే నెత్తిన పడుతుంది.

ఇక్కడ కోనసీమలో మన పెంకుటింటి అటక మీద కొబ్బరికాయలు పోస్తాం. పెంకుల సందుల్లోంచి వేడి దానంతటదే పోతుంది. అయితే ఏసీ, హీటరు రెండూ నడిచే మీ ఇంటికి ఈ పద్ధతి చెప్పడం నా చాదస్తమే అవుతుంది.

ఇప్పుడు హెచ్‌ఎఫ్‌ఓలనే కొత్త వాయువులున్నాయి. కిలోకు కిలో చూస్తే, వేడిని పట్టి ఉంచడంలో వాటి ప్రభావం దాదాపు కార్బన్ డయాక్సైడ్ అంతే. పాత కాగితాల పీచును అటక నేల మీద పరిచే పద్ధతీ ఉంది. ఏ నురుగు కొట్టించినా, ఆ రోజు మీరెవరూ ఇంట్లో ఉండకండి, ఆరకముందు ఆ ఆవిరి ఊపిరితిత్తులకు చెడ్డది.

పనివాళ్లు వచ్చేలోగా, పీపా మీద అంటించిన కాగితాన్ని ఫోటో తీసి నాకు పంపండి. అక్షరాలు చిన్నవైనా ఫరవాలేదు, అందులో ఏ వాయువు ఉందో భూతద్దం పెట్టుకుని చదువుతాను.

మీ తాతయ్య