తాగుడుకూ తాగే చోటుకూ పడిన ముడి

మదనపల్లె నుంచి సెంట్రింగ్ పనికి బెంగళూరు వచ్చిన మా పెదనాన్న కొడుకు ఒకాయన చికిత్స చేయించుకుని, ఆ తర్వాత ఊళ్లో మూడు నెలలు చుక్క ముట్టకుండా ఉన్నాడు. తిరిగొచ్చి కేఆర్ పురంలో బస్సు దిగిన సాయంత్రమే మళ్లీ తాగాడు. "ఊర్లో ఉన్నన్నాళ్లూ మనసు అట్ల పోలేదు రా. ఈడ దిగి, ఆ ఎంఆర్‌పీ మందు షాపు పక్కన శెనక్కాయల వాసన తగల్తానే గొంతు ఎండుకపాయ" అన్నాడు. బుద్ధి లేదని ఇంట్లో అందరూ తిట్టారు. నేనూ తిట్టాను. ఆయన చెప్పిన మాటలో ఎంత నిజముందో తెలుసుకోవాలంటే డెబ్బై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1954లో మాంట్రియల్‌లో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఒక ఎలుక మెదడులో సన్నని తీగ పెట్టి స్వల్పంగా కరెంటు ఇచ్చారు. బల్లమీద ఏ మూలన ఉన్నప్పుడు కరెంటు తగిలిందో, ఎలుక మళ్లీ మళ్లీ ఆ మూలకే వచ్చింది. సుఖం కలిగిన చోటును మెదడు గుర్తుపెట్టుకుంటుందని అక్కడే కనిపించింది. తర్వాత ఇదే ఆలోచనతో ఒక పరీక్ష వాడుకలోకి వచ్చింది. పెట్టెలో రెండు గదులుంటాయి. ఒకదాని నేల గరుకు, ఇంకోదాని నేల నున్నన. చిట్టెలుకకు ఒక రోజు మద్యం ఎక్కించి గరుకు గదిలో, మరుసటి రోజు ఉప్పునీళ్లు ఎక్కించి నున్నని గదిలో వదులుతారు. ఇలా కొన్ని రోజులు చేశాక, ఏమీ ఇవ్వకుండా మధ్య తలుపు తీస్తారు. చాలా చిట్టెలుకలు గరుకు నేల మీదే ఎక్కువసేపు తచ్చాడతాయి. అక్కడ మద్యం చుక్క కూడా లేదు, ఉన్నది నేల ఒక్కటే.

రెండో దారి గంజాయి నుంచి వచ్చింది. 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గవోని గంజాయిలో మత్తుకు కారణమైన టీహెచ్‌సీని విడదీశారు. అది మెదడులో ఎక్కడ అతుక్కుంటుందో తేలడానికి 1988 దాకా పట్టింది. కణాల మీద ఉండే ఆ చోటే సీబీ1 రిసెప్టర్. ఒంట్లో దానికోసం తయారయ్యే పదార్థం 1992లో పంది మెదడులో దొరికితే, మన 'ఆనందం' మాటతోనే దానికి ఆనందమైడ్ అని పేరుపెట్టారు. దీని పనితీరు ఆసక్తిగా ఉంటుంది. సందేశం అందుకున్న కణమే, పంపిన కణానికి 'ఇక చాలు' అని వెనక్కి కబురంపుతుంది. 'ఇంకా కావాలి' అనిపించే రసాయనం డోపమైన్. దాన్ని వదిలే కణాలను అదుపులో ఉంచే కణాలకు ఆ కబురు అందితే వాటి పట్టు సడలుతుంది, డోపమైన్ పొంగుతుంది.

ఈ రెండు దారులూ మద్యం దగ్గర కలిశాయి. ఎక్కువకాలం మద్యానికి గురైన చిట్టెలుకల మెదళ్లలో ఈ రిసెప్టర్లు తగ్గుతున్నాయని 1998లో న్యూయార్క్‌లో బసవరాజప్ప, హునగుంద్ తదితరులు చూపారు. (హునగుంద అనే ఊరు ఇక్కడికి ఉత్తరాన బాగల్‌కోట్ జిల్లాలో ఉంది. ఆ పేరు చూసి నాకు చాలా సంతోషమేసింది.) 2003లో హునగుంద్ బృందమే, పుట్టుకతో సీబీ1 లేని చిట్టెలుకలు మద్యం బాగా తక్కువ తాగుతాయనీ, తాగించినా వాటిలో డోపమైన్ పొంగదనీ తేల్చింది. అదే ఏడాది జర్మనీలో ఇంకో బృందం కాళ్లకు చిన్న షాకులు ఇచ్చి చూసింది. మామూలు చిట్టెలుకలు టెన్షన్‌తో తాగుడు పెంచేశాయి. సీబీ1 లేనివి పెంచలేదు. 2005లో ఫ్రాన్స్ పరిశోధకులు రెండు గదుల పరీక్ష పెడితే, మద్యం ఇచ్చిన గది మీద వీటికి మోజు తక్కువగానే కనిపించింది. నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే: చోటును సుఖంతో ముడివేసే పనిలో సీబీ1కి చెయ్యి ఉంది.

మరైతే ఆ రిసెప్టర్‌ను మూసేస్తే సరిపోదా? రిమోనబాంట్ అనే మందు అదే పని చేస్తుంది. బరువు తగ్గడానికని 2006లో యూరప్‌లో అనుమతి పొందింది. దిగులు, ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతున్నాయని 2008లో వెనక్కి తీసుకున్నారు. తాగుడు మాన్పించడానికి మనుషుల్లో పరీక్షించినప్పుడూ చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. బతుకులోని మిగతా సంతోషాలకూ అదే రిసెప్టర్ కావాలి మరి.

చోటునే మార్చి చూసినవాళ్లూ ఉన్నారు. 1970ల చివర్లో కెనడాలో బ్రూస్ అలెగ్జాండర్ విశాలమైన ఆవరణలో, తోడుతో ఎలుకలను పెంచితే, ఒంటరి బోనుల్లోని వాటికన్నా మార్ఫిన్ నీళ్లు తక్కువ తాగాయి. తర్వాత మళ్లీ చేసినవాళ్లకు అన్నిసార్లూ అదే ఫలితం రాలేదు కాబట్టి దాన్ని వేదవాక్కుగా తీసుకోను. ఆనందమైడ్ దొరికిన 1992లోనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లకు ఏ రిసెప్టర్ సంగతీ తెలియదు. దుకాణం కళ్లెదుట ఉంటే మగవాళ్లు ఆగరని మాత్రం తెలుసు.

ఇక్కడి మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో, పెద్దవాళ్లలో 4.6 శాతం మందికి మద్యంతో వచ్చే రుగ్మత ఉందని తేలింది. వాళ్లలో చికిత్స ముగించుకున్న ఎంతమంది మళ్లీ అదే షెడ్డుకు, అదే వీధికి వెళ్తున్నారో అని నాకు దిగులు.

అన్న ఇప్పుడు ఊరినుంచి వస్తే కేఆర్ పురంలో దిగడు. ముందుకెళ్లి టిన్ ఫ్యాక్టరీ దగ్గర దిగి, వేరే సందులోంచి రూముకు నడిచి వస్తాడు. బాగా చుట్టు అవుతుంది. నాకు కుదిరిన రోజున నేనే ఎదురెళ్లి బ్యాగు అందుకుంటాను.