వరద దిగిన తర్వాత ఇరుకు గండి

గండికోటలో కోటగోడ దాటి అంచు దాకా నడిచినవారికి వందల అడుగుల కింద పెన్న కనబడుతుంది. దానికి రెండు వైపులా ఎర్రటి రాతి వరుసలు, ఎవరో కొలిచి పేర్చినట్టు, ఒకదానిపై ఒకటి నిలిచి ఉంటాయి. చూడవచ్చినవారు దాన్ని ఎర్ర గ్రానైటు అని చెప్పుకుంటుంటారు గానీ, అది గ్రానైటు కాదు. ఒకప్పటి ఇసుక భూమిలో అణగి, రేణువుకు రేణువు అతుక్కుపోయి గట్టిపడిన క్వార్ట్‌జైటు అది. వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. భూవిజ్ఞానులు ఆ పొరకు గండికోట క్వార్ట్‌జైటు అనే పేరే ఖాయం చేశారు.

మన భాషలో చెరువు కట్ట తెగినా గండి పడిందనే అంటాం, కొండను చీల్చుకొని ఏరు వెళ్లే చోటునూ గండి అనే అంటాం. వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండలను దాటే చోట వెలసిన ఆంజనేయస్వామి క్షేత్రానికి ఆ పేరే నిలిచిపోయింది. ఒకటి గంటలో జరిగేది, ఇంకొకటి లక్షల ఏళ్లలో జరిగేది. అయినా రెండూ నీరు చేసే పనే అని ఆ మాట పెట్టినవారు గమనించి ఉంటారని నాకు అనిపిస్తుంది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, నవాహో ప్రజల భూమిలో, ఆంటిలోప్ కాన్యన్ అనే ప్రసిద్ధమైన లోయ ఉంది. దాని ఎగువ భాగానికి వారి భాషలో ఉన్న పేరుకు అర్థం ‘రాళ్ల గుండా నీరు పారే చోటు’. మనవాళ్లయితే ఒక్క మాటలో గండి అనేవారు.

అయితే అది గండికోట వంటి గండి కాదు. ఇంగ్లీషులో స్లాట్ కాన్యన్ అనే ఈ ఇరుకు గండిలో, చేతులు చాపితే రెండు గోడలూ తగిలే చోట్లు ఉంటాయి. గోడలు మాత్రం పది, ఇరవై, ముప్పై మీటర్లు పైకి లేచి, మెలికలు తిరుగుతూ ఆకాశాన్ని చిన్న పేలికగా మార్చేస్తాయి. యూటా రాష్ట్రంలోని బక్‌స్కిన్ గల్చ్ అనే ఇరుకు గండి ఇరవై కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ఆ ప్రాంతపు నవాహో ఇసుకరాయి, రాక్షసబల్లుల కాలంలో గాలి పోగుచేసిన ఇసుకదిబ్బలు గట్టిపడగా ఏర్పడింది. ఆ రాతిలో ఒక నిలువు పగులు ఉంటే చాలు, వరదనీరు దానిలోకి దిగి, తాను మోసుకొచ్చిన ఇసుకనే ఉప్పుకాగితంగా వాడుకుంటూ అడుగును రుద్దుతుంది. గోడలు ఊడిపడే వేగం కన్నా అడుగు అరిగే వేగం ఎక్కువైనంత కాలం గండి ఇరుకుగానే లోతెక్కుతుంది. గండికోటలో అలా కాలేదు. క్వార్ట్‌జైటు అరగడానికి మొరాయిస్తుంది. అడ్డంగానూ నిలువుగానూ పగుళ్లు ఉండటంతో గోడల నుంచి పెద్ద పెద్ద దిమ్మెలు ఊడి కింద పడతాయి, దాంతో గండి వెడల్పవుతుంది.

ఆంటిలోప్ కాన్యన్ పక్కనున్న పేజ్ పట్టణంలో ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. కరవు సీమగా పేరుబడ్డ అనంతపురంలోనే సగటున 550 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. ఇంత తక్కువ వాన పడే చోట వరద ఎలా వస్తుందన్న ప్రశ్నకు ఒక చిన్న లెక్క జవాబు చెబుతుంది. గండికి ఎగువన పది చదరపు కిలోమీటర్ల రాతినేల ఉందనుకుందాం. దానిపై ఒక ఉరుముల మబ్బు 20 మిల్లీమీటర్ల వాన కురిపించింది. అంటే రెండు లక్షల ఘనపు మీటర్ల నీరు. అక్కడ పీల్చుకోవడానికి మట్టి లేదు, ఆపడానికి గడ్డి లేదు కనుక సగం నీరు కిందికి పరుగెత్తిందనుకుంటే, లక్ష ఘనపు మీటర్లు. అది అరగంటలో గండిలోకి దిగితే సెకనుకు 55 ఘనపు మీటర్లు, మన పత్రికల లెక్కలో దాదాపు రెండు వేల క్యూసెక్కులు. పెన్న వంటి నదికి అది లెక్కలోకి రాని ప్రవాహం. కానీ రెండు మీటర్ల వెడల్పున్న సందులో, సెకనుకు ఐదు మీటర్ల వేగంతో పారినా, అది ఐదున్నర మీటర్ల ఎత్తున నిలువునా వస్తుంది. రెండంతస్తుల మిద్దె ఎత్తు!

1997 ఆగస్టు 12న దిగువ ఆంటిలోప్ కాన్యన్‌లో జరిగింది ఇదే. లోయ దగ్గర వాన లేదనే చెప్పాలి. ఎగువన కిలోమీటర్ల దూరంలో కురిసిన వాన వరదై వచ్చి 11 మంది పర్యాటకుల ప్రాణాలు తీసింది. 2015 సెప్టెంబరు 14న యూటాలోని జయాన్ నేషనల్ పార్కులో, కీహోల్ అనే ఇరుకు గండిలో తాళ్లతో దిగిన ఏడుగురు అలాగే కొట్టుకుపోయారు. ఆ రోజు ఆ పార్కులో పారే వర్జిన్ నది ఉత్తరపాయ పావుగంటలో 55 క్యూసెక్కుల నుంచి 2,630 క్యూసెక్కులకు పెరిగింది.

మా జమ్మలమడుగు వైపు ఊళ్లలో పశువుల కాపరులకు ఈ సంగతి ఎవరూ పాఠంగా చెప్పలేదు. ఒక అక్టోబరు సాయంత్రం ఎండిన వంకలో రాళ్లు చూసుకుంటూ నడుస్తున్న నన్ను గట్టు మీది నుంచి ఒక పెద్దాయన కేకేసి, “పైన గట్టిగా కురుస్తాండాది నాయనా, వంకలో దిగొద్దు” అన్నారు. నా నెత్తిన ఎండ కాస్తోంది. అరగంట దాటకముందే వంకలో ముందు ఆకులూ పుల్లలూ కలిసిన నురగ నాలుక ఒకటి నెమ్మదిగా పాకుతూ వచ్చింది, దాని వెనకే ఎర్రనీళ్లు మోకాటి లోతున వచ్చిపడ్డాయి.

వరద వచ్చే తీరు గురించి చాలామంది రాశారు. వరద వెళ్లిపోయాక జరిగే దాని గురించి తక్కువ. నాకు ఆసక్తి దాని మీదే. ఇరుకు గండుల్లో తాళ్ల సాయంతో దిగుతూ, ఈదుతూ, పాకుతూ ఒక చివర నుంచి ఇంకో చివరకు వెళ్లడాన్ని కాన్యనీరింగ్ అంటారు. కొండ ఎక్కేవాడు భయమేస్తే వెనక్కి దిగవచ్చు. వీరికి ఆ వీలు లేదు. పైన ఒక ఆధారానికి తాడును మడిచి తగిలించి, అందరూ దిగాక ఒక కొసను పట్టి లాగేసుకుంటారు, ఎందుకంటే తర్వాతి మెట్టుకు అదే తాడు కావాలి. తాడు చేతికి వచ్చిన క్షణం నుంచి వెనక్కి దారి ఉండదు. కనుక ముందున్న ప్రతి మెట్టు ఎంత ఎత్తో, ప్రతి గుండం ఎంత లోతో ముందే తెలిసి ఉండాలి. ఆ వివరాలను ముందు వెళ్లినవారి దగ్గర సేకరించి రాసుకుంటారు. ఒక్క వరదతో ఆ రాతలన్నీ పాతబడిపోతాయి.

నీటి వేగం రెట్టింపైతే అది దొర్లించగల రాయి బరువు రెట్టింపు కాదు, 64 రెట్లవుతుంది. బరువు వేగపు ఆరో ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. అందుకే నిన్నటి దాకా తాడు కట్టడానికి పనికొచ్చిన బండరాయి రేపు ఉండకపోవచ్చు. దాని చోట గోడల మధ్య కొత్తగా ఒక చెట్టు మాను ఇరుక్కొని ఉండవచ్చు. చూడటానికి అది గట్టిగానే కనబడుతుంది, కానీ అడుగున దాన్ని పట్టి ఉంచినది తడి ఇసుకే అయితే, మనిషి బరువు పడగానే కదులుతుంది. ఇసుక మట్టమూ అంతే: వరద ఒక చోట ఇసుక పోసి పది అడుగుల మెట్టును మూడడుగులకు తగ్గిస్తుంది, మరో చోట ఉన్న ఇసుకను ఊడ్చుకుపోయి మెట్టును రెట్టింపు చేస్తుంది. కొలిచి తెచ్చిన తాడు నేలకు అందకుండా వేలాడటమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

అన్నింటికన్నా చిత్రమైనవి గుండాలు. సుడిలో చిక్కిన గులకరాళ్లు, రుబ్బురోలులో పొత్రం తిరిగినట్టు తిరిగి తిరిగి తొలిచిన నున్నటి గుంటలు ఇవి. వీటిలో కొన్నింటిని ఆ విద్య తెలిసినవారు కీపర్లంటారు, అంటే దిగినవారిని ఉంచేసుకునేవి. వరద నిండా నింపి వెళ్లిన గుండాన్ని ఈది, అవతలి అంచును చేత్తో పట్టుకొని పైకి రావడం పెద్ద పని కాదు. కొన్ని వారాలకు నీరు సగానికి దిగితే కథ మారుతుంది: అంచు చేతికి అందదు, తన్ని లేవడానికి కాలికి నేల అందదు, గోడ చూస్తే అద్దం. అప్పుడు ఒక సంచిలో ఇసుక నింపి, దానికి తాడు కట్టి, అవతలి అంచు దాటేలా విసురుతారు. అటు వైపు వేలాడే సంచి బరువునూ, అంచుకు తాడు ఒరుసుకునే పట్టునూ ఆసరా చేసుకొని ఒకరు పైకి పాకి, మిగిలినవారిని లాగుతారు. ఎన్నిసార్లు విసిరితే సంచి నిలుస్తుందన్నది చేతి వాటం.

బయట నలభై డిగ్రీల ఎండ కాస్తున్నా, సూర్యుడు తొంగిచూడని గుండంలో నీరు ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటుంది. గాలి కన్నా నీరు ఒంటి వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది కనుక, ఎడారిలో చలికి ప్రాణం పోవడం వింత కాదు. అందుకే రబ్బరు దుస్తులు తొడుక్కొని దిగుతారు. ఇక వరద వదిలిన ఊబి గురించి సినిమాలు చెప్పినంత భయం అక్కర్లేదు. ఇసుకా నీరూ కలిసిన ఆ ముద్ద సాంద్రత మనిషి ఒంటికి దాదాపు రెట్టింపు, కాబట్టి నడుము దాటి దిగబడటం కష్టం. కాలిని ఒక్కసారిగా లాగితే బిగుస్తుంది; మెల్లగా అటూ ఇటూ ఆడిస్తే సందుల్లోకి నీరు చేరి వదులవుతుంది.

గోడ మీద తలకు పది మీటర్ల పైన ఇరుక్కున్న మానును చూసినవారు ఎవరైనా ముందు నిశ్శబ్దమవుతారు. భూవిజ్ఞానులు మాత్రం టేపు తీస్తారు. గోడ గూళ్లలో వరద నిదానించిన చోట పేరుకున్న సన్నటి ఒండ్రు, దానిలో చిక్కిన బొగ్గు తునకలు వారికి కావాలి. ఒండ్రు ఎత్తును బట్టి ఆ వరద ఎంతటిదో, బొగ్గులోని రేడియోకార్బన్‌ను బట్టి ఎప్పటిదో తేలుతుంది. ఏ రిజిస్టరులోనూ లేని వేల ఏళ్ల కిందటి వరదలను ఇలాగే లెక్కగట్టారు.

పెద్దాయన కేకేసిన ఆ వంకలో వారం తర్వాత మళ్లీ దిగాను. తుమ్మచెట్టు కొమ్మకు, సరిగ్గా నా ఛాతీ ఎత్తున, గడ్డీ చింపిరి గోనె ముక్కా చుట్టుకొని ఉన్నాయి. నేను చూసింది మోకాటి లోతే. అసలు ఏరు నేను ఇంటికి వెళ్లాక పారిందన్నమాట. మలుపు దగ్గర రాతిలో ఒక చిన్న గుండం ఉంది. వరదకు ముందు దానిలో చేతికర్ర జానెడు దిగి ఇసుకకు తగిలేది. ఇప్పుడు నీళ్లలోకి మోచేయి దాకా దించినా కర్రకు ఇసుక తగల్లేదు, అడుగున గులకరాళ్లు మాత్రం లొడలొడమన్నాయి.