ఎద్దుకు పళ్ళు, రైఫిల్‌కు తూకం

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకు ఇది తెలిసిన దృశ్యమే. కాడి కట్టకముందే ఒకాయన ఎద్దు మూతి పట్టి, పెదవి ఎత్తి, పళ్ళు చూస్తాడు. పాలపళ్ళా, రెండు పళ్ళా, నాలుగా, ఆరా? దాన్నిబట్టి విభాగం, విభాగాన్నిబట్టి బండ బరువు. రెండు పళ్ళ విభాగంలోకి ఆరు పళ్ళ ఎద్దును తోలుకొస్తే యజమాని ఎంత పెద్దమనిషైనా వెనక్కి పోవాల్సిందే. వయసు గురించి ఎంతసేపైనా వాదించుకోవచ్చు. నోట్లో పన్ను కనబడుతుంటే ఇంకేం వాదిస్తారు?

రైఫిల్‌కు పళ్ళుండవు. వేట రైఫిళ్ళతో గురి పోటీ పెడదామని నలుగురు కూర్చున్నప్పుడు మొదట తగిలే చిక్కు అదే. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో తాతల నాటి లైసెన్సు తుపాకి బీరువాలో ఉన్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. విదేశీ రైఫిల్ తెప్పించుకుని హైదరాబాదు పోయి సాధన చేసే పిల్లలూ ఉన్నారు. ఇద్దరినీ ఒకే వరసలో కూర్చోబెడితే పాత తుపాకి ఆయన మళ్ళీ ఆ వైపు రాడు. అందుకని "మామూలు వేట రైఫిళ్ళకు వేరే తరగతి" అంటారు. అంతవరకూ అందరికీ సమ్మతమే. మామూలు అంటే ఏమిటో కాగితం మీద రాయమన్నప్పుడు గొడవ మొదలవుతుంది. ఈ గొడవకు నూరేళ్ళు దాటాయి.

1908 లండన్ ఒలింపిక్స్‌లో "పరిగెత్తే జింక" అనే పోటీ ఉండేది. పట్టాల మీద అడ్డంగా పరిగెత్తే జింక బొమ్మను దాదాపు 100 మీటర్ల నుంచి కొట్టాలి. స్వీడన్ నుంచి ఆస్కార్ స్వాన్ అనే అరవయ్యేళ్ళ పెద్దాయన వచ్చి స్వర్ణం గెలిచాడు. 1912లో జట్టుతో కలిసి మళ్ళీ గెలిచాడు. 1920లో, 72 ఏళ్ళ వయసులో, మళ్ళీ జట్టుతోనే రజతం తీసుకున్నాడు. ఒలింపిక్ క్రీడా పోటీల్లో పతకం పొందిన అతి పెద్ద వయస్కుడిగా ఆయన పేరు ఈనాటికీ చెబుతారు. ఆ పోటీ ఆడినవాళ్ళలో చాలామంది నిజంగా వేటకు పోయేవాళ్ళే.

తర్వాత ఏమైందో చూడండి. జింక పోటీ 1924 తర్వాత ఆగిపోయి, 1952, 1956లో మళ్ళీ కనబడి పోయింది. 1972లో దాని చోట పరిగెత్తే పంది బొమ్మ వచ్చింది, దూరం 50 మీటర్లయింది, రైఫిల్ .22 అయింది (ఈ అంకె గొట్టం వ్యాసం, అంగుళాల్లో). 1992 నాటికి అది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ. 2004 ఏథెన్స్ తర్వాత ఒలింపిక్స్‌లో అదీ లేదు. అడవిలో పుట్టిన ఆట మెల్లమెల్లగా నడిచొచ్చి గదిలో కూర్చుంది. దీన్ని ఎవరూ కావాలని చేయలేదు. కొలవడానికి తేలికైనదాని వైపు నిబంధన జరుగుతుంది, నిబంధన జరిగిన వైపు సామాను జరుగుతుంది.

మెక్సికోలో ఇంకో దారి పట్టారు. అక్కడి జాతరల్లో ఒకప్పుడు బతికున్న కోడినో పొట్టేలునో దూరాన కట్టేసి కొట్టేవాళ్ళు, కొట్టినవాడిదే మాంసం. 1948లో మెక్సికో సిటీలో వాటి బదులు ఉక్కు రేకుతో కోసిన బొమ్మలు నిలబెట్టారు. 200 మీటర్ల దగ్గర కోడి, 300 దగ్గర పంది, 385 దగ్గర టర్కీ కోడి, 500 దగ్గర పొట్టేలు. నిలబడే కొట్టాలి, ఆనుకోవడానికి ఏదీ ఉండకూడదు. తూటా తగిలితే చాలదు, బొమ్మ పడిపోవాలి.

నాకు ఈ ఆటలో నచ్చేది ఆ చివరి ముక్క. తేలికపాటి తూటా వాడితే భుజానికి హాయిగానే ఉంటుంది, గురీ బాగా కుదురుతుంది. కానీ 500 మీటర్ల దగ్గర ఉక్కు పొట్టేలుకు అది తగిలినా, ఠంగుమని మోగి అలాగే నిలబడుతుంది. అంటే పెద్ద తూటా వాడమని ఎవరూ రాయనక్కర్లేదు, ఆ పొట్టేలే రాయిస్తుంది. ఈ ఆట 1960ల్లో సరిహద్దు దాటి అమెరికాలోని ఆరిజోనా చేరింది. అక్కడ కాలక్రమంలో దీనికోసమే ప్రత్యేకంగా చేయించిన రైఫిళ్ళు వచ్చాయి. చెంప ఆనే కట్టె ఎత్తు పెంచుకున్నారు, దానికి తగ్గట్టు స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి, పైకి లేపుకున్నారు, బ్యారెల్ లావు చేసుకున్నారు. అప్పుడు మామూలు వేటగాడి కోసం "హంటింగ్ రైఫిల్" అని విడిగా ఒక తరగతి పెట్టాల్సి వచ్చింది. స్కోప్‌తో కలిపి 9 పౌండ్లు, అంటే 4.1 కిలోలకు లోపల ఉండాలి. ట్రిగ్గర్ మీద కనీసం 2 పౌండ్ల బరువు పడితేగాని పేలకూడదు.

ఈ రెండు అంకెల్లోనే వేటగాడి సంగతంతా ఉంది. రోజంతా భుజాన మోసేవాడు బరువు రైఫిల్ కొనడు. పొదల్లో నడిచేవాడు ఊపిరి తగిలితే పేలే ట్రిగ్గర్ పెట్టుకోడు. ఎద్దు వయసును పన్ను చెప్పినట్టు, రైఫిల్ ఎవరి చేతిదో తూకం చెబుతుంది.

అయితే తూకాన్ని ఏమార్చడం ఎలాగో బల్ల మీద ఇసుక సంచులు పెట్టి కొట్టే బెంచ్‌రెస్ట్ ఆటగాళ్ళను చూసి నేర్చుకోవాలి. వాళ్ళకూ ఒక హంటర్ తరగతి ఉంది. 10 పౌండ్ల లోపు బరువు, స్కోప్ 6 రెట్లకు మించి పెద్దది చేసి చూపకూడదు, సంచి మీద ఆనే ముందు కట్టె 2¼ అంగుళాల కంటే వెడల్పు ఉండకూడదు, తూటాలు పేర్చే మ్యాగజైన్ పనిచేసేది ఉండాలి, తూటా గూడులో, అంటే మందు నింపే ఇత్తడి గొట్టంలో, కనీసం 45 గ్రెయిన్ల (దాదాపు 3 గ్రాముల) నీళ్ళు పట్టాలి. ఆ 45 ఎక్కడిదంటే, అమెరికాలో ఇంటింటా ఉండే .30-30 అనే పాత జింకల తూటా కొలత అది. చదివితే ముచ్చటగా ఉంటుంది, తాత తుపాకి కళ్ళ ముందు కనబడుతుంది.

ఆటగాళ్ళు మాత్రం ఆ వాక్యాలను అంగుళాలుగా చదివారు. పెద్ద తూటా గూటిని కురచ చేసి, నీళ్ళు సరిగ్గా 45 గ్రెయిన్లు పట్టేటట్టు కొత్త గూళ్ళు తయారు చేసుకున్నారు. మ్యాగజైన్ పెట్టుకున్నారు, పోటీలో దాన్నుంచి ఒక్క తూటా వాడరు, చేత్తో ఒక్కొక్కటే వేస్తారు. 6 రెట్ల స్కోప్‌నే అతి నిశితంగా చేయించుకున్నారు. ఇంకొకటి: ఆ పోటీలో గుండు చేసిన చిల్లి అంచు ఎక్కువ మార్కుల గీతను తాకితే ఆ ఎక్కువ మార్కే వేస్తారు. చిన్న .22 రకం గుండు వ్యాసం 5.7 మిల్లీమీటర్లు, .30 గుండుది 7.8. గుండు మధ్య ఒకేచోట తగిలినా లావు గుండు అంచు ఒక మిల్లీమీటరు అవతలికి పోతుంది. గీత మీద ఆడే ఆటలో మిల్లీమీటరంటే మాటలా! అందరూ .30కి మారిపోయారు. కొన్నాళ్ళకు హంటర్ తరగతిలో కనబడే రైఫిల్‌ను ఏ వేటగాడూ అడవికి మోయడు. నిబంధన ఒక్కటీ తప్పలేదు, తరగతి మాత్రం చేయి దాటిపోయింది.

దీనికి ఆటగాళ్ళను తిట్టి లాభం లేదు. రెండు పళ్ళ ఎద్దుకు మనవాళ్ళు ఉలవలు, గుడ్లు, పాలు పెట్టి ఆరు పళ్ళ ఎద్దంత చేయట్లేదా?

ఇక మన గడ్డ సంగతి. ఇక్కడ తుపాకి మీద నిబంధన ఆట కోసం పుట్టలేదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి వదిలేశాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో మొదట పట్టుకున్న పని పాలెగాళ్ళ కోటలు, ఆయుధాలు లేకుండా చేయడం. కర్నూలు మాత్రం నవాబు కింద ఇంకో 39 ఏళ్ళు మిగిలింది. 1839లో గులాం రసూల్ ఖాన్ కోటలో ఫిరంగులు, మందుగుండు రహస్యంగా పోగేశాడని కంపెనీ సైన్యం వచ్చి సోదా చేసింది. జోహరాపురం దగ్గర పోరు జరిగింది, నవాబును పట్టి తిరుచిరాపల్లికి పంపారు. కొండారెడ్డి బురుజు చూడటానికి వచ్చేవాళ్ళకు ఈ కథ ఎవరూ చెప్పరుగానీ, ఈ ఊరు నవాబు చేతిలోంచి పోవడానికి కంపెనీ చూపిన సాకు ఆయుధాల లెక్కే.

1878లో వచ్చిన ఆయుధాల చట్టం దేశమంతటికీ లైసెన్సు పద్ధతి తెచ్చింది. సైన్యం వాడే .303 తూటా జనం చేతికి పోకూడదని ప్రభుత్వం పట్టుబట్టింది. దాంతో వేటకు పోయే దొరలకూ జమీందార్లకూ సైన్యం దగ్గర లేని తూటా ఏదైనా కావాల్సి వచ్చింది. అలా దొరికిందే ఆస్ట్రియా సైన్యం పాత తూటా, 8×50 మన్లిషర్. దానికి ఇక్కడ .315 అని పేరు పెట్టారు. ఎక్కడో యూరప్‌లో సిపాయి తూటా మన దగ్గరికొచ్చి వేట తూటా అయింది, మన సిపాయి వాడకపోవడమే దాని అర్హత. స్వాతంత్ర్యం వచ్చాక పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఆ .315 రైఫిల్‌ను పౌరుల కోసం చేస్తూ వచ్చింది. 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది, .303 మీద నిషేధం మాత్రం అలాగే ఉండిపోయింది. 1980ల నుంచి సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి కూడా బందయింది, క్రీడాకారులకు మాత్రం వెసులుబాటు ఉంది. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండగల తుపాకులు మూడు నుంచి రెండయ్యాయి. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి.

ఇంకో చట్టం వేటనే తీసేసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆపైన 1991 సవరణ తర్వాత ఆళ్లగడ్డలోగానీ ఆలూరులోగానీ జింకను కొట్టడం నేరం. కందిచేను మేస్తుంటే చూస్తూ ఉండాల్సిందేనని రైతులు పళ్ళు కొరుకుతారు, అది వేరే కథ. మనం ఇక్కడ వేట రైఫిల్ అంటున్నది వేటకు పోలేని రైఫిల్‌ను. ఎన్నికల కోడ్ రాగానే అది పోలీస్ స్టేషన్‌కు పోయి కూర్చుంటుంది, ఫలితాలొచ్చాక ఇంటికొస్తుంది. చాలా రైఫిళ్ళు చేసే ప్రయాణం అంతే.

ఈ చరిత్ర వల్ల ఒక తమాషా జరిగింది. అమెరికాలో ఏళ్ళ తరబడి కమిటీలు కూర్చుని కాపాడలేకపోయిన "మామూలు" తనాన్ని ఇక్కడ చట్టం కాపాడిపెట్టింది. మన దగ్గర చాలామంది చేతిలో ఉన్నది ఒకే ఫ్యాక్టరీ రైఫిల్, ఒకే రకం తూటా. గూడు కురచ చేయించుకోవడం, మందు సొంతంగా కొలిచి నింపుకోవడం లైసెన్సు లేకుండా కుదరని పని. ఏడాదికి ఎన్ని తూటాలో లైసెన్సులోనే రాసి ఉంటుంది. అందుకని మన దగ్గర తూటా గురించి పేజీలు రాయనక్కర్లేదు. ఫ్యాక్టరీ తూటా, పెట్టె పోటీ రోజే అందరి ముందు తెరవాలి, అంతే. రౌండ్లు కూడా తక్కువ పెట్టుకోవాలి. ఐదు గుండ్లు, ఐదు చుక్కలు, చుక్కకు ఒకటి. నలభై తూటాల పోటీ పెడితే కొందరికి ఏడాది కోటాలో పెద్ద ముక్కే పోతుంది.

బరువుకు 4.1 కిలోల గీత మనకూ సరిపోతుంది. ఇషాపూర్ .315 నాలుగు కిలోలు దాటదు, చిన్న స్కోప్ పెట్టుకున్నా ఆ గీత దగ్గరే ఆగుతుంది. బరువైన క్రీడా రైఫిల్ ఆ గీత లోపలికి దాదాపుగా రాలేదు. 300 మీటర్ల పోటీల్లో స్టాండర్డ్ రైఫిల్‌కే అంతర్జాతీయ నిబంధన 5.5 కిలోల దాకా ఒప్పుకుంటుంది, ఫ్రీ రైఫిల్‌కు 8. తాతలు తెచ్చిన విలాయతీ .30-06, .275 లాంటివాటిని రానివ్వాలా అన్న ప్రశ్నకూ తూకమే జవాబు: గీత లోపలుంటే రానివ్వండి. ట్రిగ్గర్‌కు 2 పౌండ్లంటే దాదాపు 900 గ్రాములు, కిరాణా కొట్టు తూకంలో అంత బరువు తూచిన రాయి చాలు. తుపాకి ఖాళీ చేసి, బోల్టు మూసి, గొట్టం ఆకాశం వైపు నిలబెట్టి, ట్రిగ్గర్‌కు కొక్కెంతో రాయి తగిలించి మెల్లగా ఎత్తాలి. రాయి లేస్తే ఒప్పు, టిక్కుమంటే బయటికి. ఎద్దు పన్ను చూసినంత తేలిక, అందరి కళ్ళ ముందు అయ్యే పని.

పోటీ జరిగే చోటుకు అనుమతి, వెనక గుండు ఆగే కొండ, ఇవన్నీ ఆ తర్వాత. వాటిలో బేరాలుండవు, పోలీసులు చెప్పినట్టే.

అసలు కొట్లాట వచ్చేది స్కోప్ దగ్గర. ఇషాపూర్ రైఫిల్ వచ్చేది ఓపెన్ సైట్‌తో, కాబట్టి స్కోప్ వద్దు, అదే అసలైన వేట రైఫిల్ అని కుర్రవాళ్ళంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఓపెన్ సైట్‌తో కొట్టాలంటే వెనక గాడి, ముందు ముల్లు, దూరాన చుక్క, మూడింటినీ కన్ను ఒకేసారి సర్దుకోవాలి. నలభై దాటి చత్వారం వచ్చినవాడికి వెనక గాడి మసక. అరవై దాటినవాడికి ముల్లు కూడా మసకే. స్కోప్‌లో చుక్కా గుర్తూ ఒకే తలం మీద కనబడతాయి కాబట్టి పెద్దవాళ్ళకు ఆ బాధ ఉండదు. ఈ తరగతి పెట్టిందే పాత తుపాకి ఉన్న పెద్దాయన కోసం. స్కోప్ తీసేస్తే మొదట బయటికి పోయేది ఆయనే. 1908లో ఆస్కార్ స్వాన్‌కు ఉన్న కళ్ళు అందరికీ ఉండవు.

నా మటుకు 6 రెట్ల దాకా ఒప్పుకోవడమే మేలు. తిప్పి మార్చే స్కోప్ ఉన్నవాళ్ళది తూకం దగ్గరే 6 మీద పెట్టి, చుట్టూ టేపు వేసి, దాని మీద నిర్వాహకుడు సంతకం పెట్టాలి. పోటీ అయ్యేదాకా టేపు కదలకూడదు. ఇంకా తేలనిది ఒకటుంది: ఓపెన్ సైట్‌తోనే కొడతానని పంతం పట్టేవాళ్ళకు విడిగా బహుమతి పెట్టాలా, అదే జాబితాలో కలిపి వాళ్ళ పేరు పక్కన ఒక చుక్క పెడితే చాలా అన్నది.